సూర్యుడు చెలరేగితే భూమి అయస్కాంతానికి ఏమవుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

‘సౌర తుపాను దూసుకొస్తోంది’ అని టీవీల్లో స్క్రోలింగ్ మొదలైతే చాలు, ఇవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తాయి. కొన్నింటికి జవాబు ఒక్క ముక్కలో తేలిపోతుంది, కొన్నింటికి కాస్త లోతుకు దిగాలి. ‘తుపాను అసలు ఎలా మొదలవుతుంది’ అన్న ప్రశ్న దగ్గర మాత్రం నిదానంగా చదవండి. అది పట్టుబడితే మిగతావాటిలో సగం వాటంతట అవే విడిపోతాయి.

సూర్యుడు రోజూ మండుతూనే ఉంటాడు కదా, ‘చురుగ్గా ఉన్నాడు’ అనడం ఏమిటి?

వేడి, వెలుగుల విషయంలో సూర్యుడు చాలా నికరమైనవాడు. భూమి దగ్గర చదరపు మీటరుకు సుమారు 1,361 వాట్ల శక్తి అందుతుంది. చురుకు పెరిగినా తగ్గినా ఇందులో వచ్చే తేడా దాదాపు వెయ్యో వంతే. శాస్త్రవేత్తలు చెప్పే చురుకుదనం అయస్కాంతానికి సంబంధించింది.

సూర్యుడు గట్టి గోళం కాదు, ప్లాస్మా ముద్ద, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువు. మధ్యరేఖ దగ్గర సుమారు 25 రోజుల్లో ఒక చుట్టు తిరుగుతాడు. ధ్రువాల దగ్గర అదే చుట్టుకు 35 రోజుల దాకా పడుతుంది. ప్లాస్మా ఎటు పోతే అయస్కాంత రేఖలు అటు ఈడ్చుకుపోతాయి. నడుము ముందుకు పరుగెత్తి, తల వెనకబడితే రేఖలు చుట్టుకుపోక ఏం చేస్తాయి? పురి మరీ ఎక్కువైన తాడు మెలికలు పడి పైకి లేస్తుంది చూడండి, అలాగే ఈ రేఖల కట్టలు ఉపరితలాన్ని చీల్చుకుని పైకి పొడుచుకొస్తాయి. పొడుచుకొచ్చిన చోట సూర్యమచ్చ, ఆ మెలిక పుటుక్కున తెగితే సౌర జ్వాల.

సూర్యమచ్చలు నిజంగా నల్లగా ఉంటాయా?

ఉండవు. సూర్యుడి ఉపరితలం సుమారు 5,500 డిగ్రీల సెల్సియస్. మచ్చ నడిబొడ్డు దానికంటే వెయ్యిన్నర, రెండు వేల డిగ్రీలు చల్లన. చుట్టూ ఉన్న ప్రచండమైన వెలుగు పక్కన అది నల్లగా అనిపిస్తుంది. ఒక పెద్ద మచ్చను విడిగా తీసి రాత్రి ఆకాశంలో పెట్టగలిగితే కళ్లు జిగేల్మంటాయి. అక్కడ చల్లబడటానికి కారణం కూడా అయస్కాంతమే: క్షేత్రం ఎంత బలంగా ఉంటుందంటే, అడుగు నుంచి వేడిని మోసుకొచ్చే ప్లాస్మాను పైకి రానివ్వదు. మచ్చల్లో అయస్కాంత క్షేత్రం ఉందని 1908లో జార్జ్ ఎలరీ హేల్ వర్ణపటం సాయంతో రుజువు చేశాడు.

11 ఏళ్ల చక్రం లెక్క ఎక్కడిది? ఇప్పుడు మనం ఎక్కడున్నాం?

వేరే దాన్ని వెతుకుతుంటే దొరికిన లెక్క ఇది. జర్మనీలోని డెస్సౌ పట్టణంలో హైన్రిచ్ ష్వాబే అనే మందుల వ్యాపారి, బుధుడి కంటే లోపల ఇంకో గ్రహం ఉందేమోనని 1826 నుంచి ఎండ కాసిన ప్రతిరోజూ సూర్యుడిని చూస్తూ వచ్చాడు. గ్రహం సూర్యుడికి అడ్డొస్తే నల్ల చుక్కలా కనబడాలి, దాన్ని మచ్చ అనుకుని పొరబడకూడదు. అందుకని మచ్చలన్నీ రాసిపెట్టుకున్నాడు. గ్రహం దొరకలేదు. 17 ఏళ్ల లెక్కలు తిరగేస్తే మచ్చలు సుమారు పదేళ్లకోసారి పెరిగి తగ్గుతున్నాయని తేలింది. 1843లో ఆ మాట ప్రకటించాడు.

సగటు 11 ఏళ్లు అంటాం గానీ ఒక్కో చక్రం తొమ్మిదేళ్లకే ముగియవచ్చు, పద్నాలుగు దాకా సాగనూవచ్చు. 1755లో మొదలైన చక్రాన్ని ఒకటో నంబరుగా పెట్టుకుని లెక్కిస్తున్నారు. ఇప్పుడు నడుస్తున్నది 25వది, 2019 డిసెంబరులో మొదలైంది. అది గరిష్ఠ దశకు చేరిందని 2024 అక్టోబరులో అమెరికా సంస్థలు నాసా, నోవా ప్రకటించాయి. 1645 నుంచి 1715 దాకా మచ్చలు దాదాపు కనబడకుండా పోయిన కాలమూ ఒకటుంది, దాన్ని మౌండర్ కనిష్ఠం అంటారు.

సౌర జ్వాల, సీఎంఈ ఒకటేనా? వార్తల్లో రెండింటినీ కలిపి రాస్తుంటారు.

ఒకటి కాదు. ఈ గందరగోళం వల్ల వచ్చే తప్పుడు వార్తలు అన్నీ ఇన్నీ కావు.

సౌర జ్వాల అంటే మెరుపు. ఎక్స్-కిరణాలు, అతినీలలోహిత కిరణాలు ఒక్కసారిగా ఎగజిమ్ముతాయి. అవీ కాంతే కాబట్టి సుమారు 8 నిమిషాల 20 సెకన్లలో భూమిని చేరతాయి. జ్వాల వచ్చిందని మనకు తెలిసేసరికే దాని దెబ్బ తగిలిపోయి ఉంటుంది. కరోనల్ మాస్ ఎజెక్షన్, పొట్టిగా సీఎంఈ, అలా కాదు. అది పదార్థం. వందల కోట్ల టన్నుల ప్లాస్మా తన అయస్కాంత క్షేత్రాన్ని కూడా మూటగట్టుకుని బయలుదేరుతుంది. సెకనుకు కొన్ని వందల కిలోమీటర్ల నుంచి 3,000 కిలోమీటర్ల దాకా వేగం ఉంటుంది. మామూలుగా భూమికి రావడానికి రెండు మూడు రోజులు, మహా వేగమైతే 15 గంటలు.

పెద్ద జ్వాలలతో పాటు సీఎంఈ కూడా తరచుగా వస్తుంది. కానీ జ్వాల ఉండి సీఎంఈ లేకపోవచ్చు, సీఎంఈ ఉండి చెప్పుకోదగ్గ జ్వాల లేకపోవచ్చు. భూమి అయస్కాంత క్షేత్రాన్ని గట్టిగా కుదిపేది సీఎంఈయే.

‘ఎక్స్ తరగతి జ్వాల’ అంటే భయపడాలా?

జ్వాలలను ఎక్స్-కిరణాల తీవ్రతను బట్టి ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని విడదీస్తారు. ఒక్కో మెట్టుకు పది రెట్లు. ఎం5 కంటే ఎక్స్5 పదింతలు. ఎక్స్ తర్వాత అక్షరం లేదు, అంకె పెరుగుతూ పోతుందంతే. 2003 నవంబరు 4న వచ్చిన జ్వాలకు ఉపగ్రహాల్లోని కొలమానాలే నిండిపోయాయి. తర్వాత దాన్ని ఎక్స్28గా అంచనా కట్టారు.

భయం సంగతి అంకెను బట్టి తేలదు. 2024 మే నెలలో 3664 నంబరు మచ్చల గుంపు చేసిన అల్లరే చూడండి. అది మనకు ఎదురుగా ఉన్నప్పుడు ఎక్స్1 నుంచి ఎక్స్4 లోపు జ్వాలలతో వరసగా సీఎంఈలు వదిలింది. అవి దారిలో ఒకదాన్నొకటి అందుకుని కలిసిపోయి, మే 10, 11 తేదీల్లో రెండు దశాబ్దాల్లోకెల్లా పెద్ద భూఅయస్కాంత తుపాను తెచ్చాయి. అదే గుంపు మే 14న అంతకు రెండింతలకు పైబడిన ఎక్స్8.7 జ్వాలను పేల్చింది. అప్పటికి సూర్యుడి భ్రమణంతో పాటు అది పడమటి అంచుకు చేరుకుంది కాబట్టి పదార్థమంతా ఇంకోవైపు పోయింది.

భూమి అయస్కాంత క్షేత్రం ఎంత బలమైనది? తుపానులో ఎంత మారుతుంది?

మధ్యరేఖ దగ్గర సుమారు 30,000 నానోటెస్లాలు (అయస్కాంత క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం), ధ్రువాల దగ్గర దాదాపు దానికి రెట్టింపు. ఫ్రిజ్ తలుపుకు అంటించే చిన్న అయస్కాంతం దగ్గర ఇంతకు వంద రెట్లుంటుంది. బలహీనమైనదే, కానీ పరిధి విశాలమైనది: సూర్యుడి వైపు సుమారు 60,000 కిలోమీటర్ల దాకా విస్తరించి, సూర్యుడు నిరంతరం విడిచే సౌర పవనాన్ని పక్కకు మళ్లిస్తుంది. రాత్రి వైపు గాలికి వెనక్కి ఎగిరే జుట్టులా లక్షల కిలోమీటర్లు సాగి ఉంటుంది.

ఈ క్షేత్రం పుట్టేది భూమి బాహ్య కేంద్రకంలో కదులుతున్న కరిగిన ఇనుములో. సౌర తుపాను దాని జోలికి పోలేదు. పైన, అంతరిక్షంలో కొత్త విద్యుత్ ప్రవాహాలను రేపుతుంది. వాటి అయస్కాంత ప్రభావం నేలమీది కొలతకు కలుస్తుంది, లేదా తీసివేతకు వస్తుంది. 2024 మే తుపానులో మధ్యరేఖ పరిసరాల్లో క్షేత్రం సుమారు 400 నానోటెస్లాలు తగ్గింది. శాతంలో చూస్తే ఒకటి, ఒకటిన్నర. ఇంతేనా అనిపిస్తుంది. కానీ కరెంటు తీగలకు ఎంత మారిందన్నది కాదు, ఎంత త్వరగా మారిందన్నది ముఖ్యం. ఆ మాట కరెంటు ప్రశ్న దగ్గర చెబుతాను.

తుపాను అసలు ఎలా మొదలవుతుంది?

అన్నిటికీ మూలం ఈ ప్రశ్నే.

రెండు అయస్కాంతాలను చేతిలో పట్టుకుని దగ్గరకు తెచ్చిన అనుభవం అందరికీ ఉంటుంది. ఒక తీరుగా పట్టుకుంటే నెట్టుకుంటాయి, తిప్పి పట్టుకుంటే అతుక్కుంటాయి. భూమికి, వచ్చిపడే సీఎంఈకి మధ్య జరిగేది పూర్తిగా అదే కాకపోయినా, ఊహించుకోవడానికి ఆ పోలిక చాలు. సూర్యుడి వైపున్న భూమి అయస్కాంత రేఖలు ఉత్తర దిశగా పోతుంటాయి. వచ్చే ప్లాస్మాలోని క్షేత్రం కూడా ఉత్తరానికే తిరిగి ఉంటే, భూమి కవచం గట్టిగా మూసిన తలుపులా నిలబడుతుంది. ప్లాస్మా ఎంత వేగంగా వచ్చినా గుద్దుకుని, కవచాన్ని కాస్త లోపలికి నొక్కి, పక్కలనుంచి జారిపోతుంది.

అదే దక్షిణానికి తిరిగి ఉంటే ఎదురెదురు రేఖలు తాకిన చోట తెగి, ఒకదానితో ఒకటి ముడిపడతాయి. దీన్ని అయస్కాంత పునఃసంధానం అంటారు. భూమి విషయంలో ఇలా జరుగుతుందని 1961లో జేమ్స్ డంజీ ప్రతిపాదించాడు. ముడిపడిన రేఖలను సౌర పవనం వెనక్కి లాక్కుపోయి రాత్రి వైపు తోకలో గుట్టగా పేరుస్తుంది. తోకలో ఒత్తిడి ఓ హద్దు దాటాక అక్కడా రేఖలు తెగి మళ్లీ అతుక్కుంటాయి, రబ్బరు సాగదీసి వదిలినట్టు. ఆ విసురుకు ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు భూమి వైపు దూసుకొస్తాయి. కొన్ని ధ్రువాల దగ్గర వాతావరణంలోకి రాలి, ఆకాశంలో రంగుల వెలుగులు నింపే ధ్రువకాంతులవుతాయి. మరికొన్ని భూమి చుట్టూ వేల కిలోమీటర్ల ఎత్తున చిక్కుకుని, పడమటి దిశగా పారే భారీ విద్యుత్ వలయాన్ని ఏర్పరుస్తాయి. ఈ వలయ ప్రవాహం పుట్టించే క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు దిశలో ఉంటుంది. నేలమీద కొలత తగ్గడానికి కారణం ఇదే.

కాబట్టి తుపాను బలాన్ని నిర్ణయించేవి రెండు: వచ్చేదాని వేగం, దాని క్షేత్రంలో దక్షిణపు పాలు ఎంత, ఎంతసేపు అన్నది. ఈ ఉత్తర దక్షిణ భాగాన్ని ‘బీజెడ్’ అంటారు. తుపాను రాత్రి ఏదైనా చార్టు చూడాలనుకుంటే ఆ ఒక్క గీత చూడండి. సున్నాకు పైనుంటే నిద్రపోవచ్చు. గంటల తరబడి మైనస్ 20కో 30 నానోటెస్లాలకో దిగి కూర్చుంటే మాత్రం మజా మొదలైనట్టే.

మరి అది ముందే చెప్పొచ్చు కదా?

సీఎంఈ బయలుదేరిందని చెప్పగలరు. ఎప్పుడొస్తుందో కొన్ని గంటలు అటూ ఇటూగా చెప్పగలరు. దానిలోని క్షేత్రం ఎటు తిరిగి ఉందో మాత్రం, అది మన గుమ్మం దాకా వస్తే తప్ప నమ్మకంగా చెప్పలేరు.

ఆ గుమ్మమే ఎల్1 బిందువు, సూర్యుడి దిశగా భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. 1995లో వెళ్లిన సోహో, 1997లో వెళ్లిన ఏస్, 2015లో వెళ్లిన డిస్కవర్, 2024 జనవరి 6న అక్కడి కక్ష్యలోకి చేరిన ఇస్రో ఆదిత్య-ఎల్1, ఈ వ్యోమనౌకలన్నీ ఆ చుట్టుపక్కలే తిరిగేందుకు వెళ్లినవి. ప్లాస్మా అక్కడి కొలమానాన్ని తాకాక భూమిని చేరడానికి పట్టే సమయమే మనకు మిగిలే గడువు. సెకనుకు 500 కిలోమీటర్ల వేగమైతే 50 నిమిషాలు, 1,500 అయితే పదిహేడు కూడా ఉండవు. ‘ఎల్లుండి ప్రళయం’ అని ఎవరైనా గట్టిగా చెబితే ఆ ధీమా సైన్సుది కాదు.

కేపీ, డీఎస్‌టీ, జీ5... ఇవన్నీ ఏమిటి?

కేపీ సూచీ ప్రపంచంలోని 13 కొలత కేంద్రాల నుంచి మూడు గంటలకోసారి తీసే సగటు అలజడి, 0 నుంచి 9 దాకా. యూలియస్ బార్టెల్స్ 1949లో రూపొందించాడు. నోవా వాడే జీ మెట్లు దీనిపైనే ఆధారపడ్డాయి: కేపీ 5 అయితే జీ1, కేపీ 9 అయితే జీ5.

డీఎస్‌టీ వేరు. మధ్యరేఖకు మరీ దగ్గర కాకుండా, ధ్రువాలకు దూరంగా ఉన్న నాలుగు కేంద్రాల కొలతల నుంచి, పైన చెప్పిన వలయ ప్రవాహం ఎంత బలపడిందో గంట గంటకూ చెబుతుంది. మైనస్‌లోకి ఎంత దిగితే తుపాను అంత పెద్దది. 1989 మార్చిలో మైనస్ 589 నానోటెస్లాలకు చేరింది. పెద్ద తుపానులను పోల్చి చూడటానికి నేనైతే డీఎస్‌టీనే నమ్ముతాను. కేపీ 9 దగ్గర ఆగిపోతుంది, ఆ పైన ఎంత పెద్దదో చెప్పదు.

ధ్రువకాంతుల రంగులు ఎందుకు మారతాయి? దూరప్రాంతాల్లో ఎరుపే ఎందుకు కనిపిస్తుంది?

ఆకుపచ్చ, ఎరుపు రెండూ ఆక్సిజన్ పరమాణువులవే. ఎలక్ట్రాన్ తాకిడికి ఉత్తేజితమైన పరమాణువు ఆకుపచ్చ కాంతిని సెకను లోపే విడిచేస్తుంది. ఎరుపు విడవడానికి మాత్రం ఒకటిన్నర, రెండు నిమిషాలు పడుతుంది. కింద, 100, 150 కిలోమీటర్ల ఎత్తులో గాలి కాస్త చిక్కన. అంతసేపు ఆగేలోపు ఇంకో అణువు తగిలి ఆ శక్తిని గుంజేసుకుంటుంది. అందుకే అక్కడ ఆకుపచ్చదే రాజ్యం. 200 కిలోమీటర్లు దాటాక ఢీకొట్టేవాళ్లుండరు, ఎరుపు తీరిగ్గా వెలుగుతుంది. నీలం, ఊదా ఛాయలు నైట్రోజన్‌వి.

భూమి గుండ్రంగా ఉండటంతో, వెయ్యి కిలోమీటర్ల అవతల జరిగే ధ్రువకాంతిలో మనకు దిగంతం మీదుగా కనిపించేది పై అంచే. పై అంచు ఎరుపు. 2024 మే తుపానులో లద్దాఖ్‌లోని హాన్లే ఖగోళ పరిశీలన కేంద్రం దగ్గర కెమెరాలకు చిక్కింది ఆ ఎర్రటి అంచే. ఇలాంటి చోట్ల కంటికి మసక ఎరుపుగానో, బూడిద రంగుగానో అనిపించేది కెమెరాలో కుంకుమలా వస్తుంది. ఫొటో చూసి ఆశపడి బయటికి పరుగెత్తినవాళ్లు చాలామంది నిరాశపడేది ఇక్కడే.

1859లో ఏం జరిగింది?

సెప్టెంబరు 1 ఉదయం రిచర్డ్ కారింగ్టన్ లండన్ దగ్గర తన టెలిస్కోపుతో సూర్యుడి ప్రతిబింబాన్ని తెరపై పడేసి మచ్చలు గీసుకుంటున్నాడు. ఉన్నట్టుండి మచ్చల గుంపులో రెండు తెల్లని వెలుగులు భగ్గుమన్నాయి. సాక్షి కోసం లోపలికి పరుగెత్తి, నిమిషం లోపే తిరిగొచ్చేసరికి అవి చాలావరకు వాడిపోయాయి. అదృష్టవశాత్తు రిచర్డ్ హాడ్జ్‌సన్ అనే మరో పరిశీలకుడు విడిగా అదే దృశ్యాన్ని చూశాడు. మనిషి నమోదు చేసిన మొదటి సౌర జ్వాల అదే.

పదిహేడున్నర గంటల తర్వాత భూమ్మీద తుపాను. క్యూబా, హవాయి దాకా ధ్రువకాంతులు కనిపించాయి. టెలిగ్రాఫ్ యంత్రాల నుంచి నిప్పురవ్వలు లేచాయి. బోస్టన్, పోర్ట్‌లాండ్ మధ్య ఆపరేటర్లు బ్యాటరీలు తీసేసి, తీగలో దానంతటదే పారుతున్న కరెంటుతో కాసేపు సందేశాలు నడిపించారు. అప్పటి కొలతల్లో అమూల్యమైనది బొంబాయిలోని కొలాబా పరిశీలన కేంద్రానిది: అక్కడ క్షేత్రం దాదాపు 1,600 నానోటెస్లాలు పడిపోయింది. ఆ తుపాను ఎంత పెద్దదో నేటికీ అంచనా వేసేవాళ్లు ఆ కాగితాలే తిరగేస్తారు.

సూర్యుడికీ భూమి అయస్కాంతానికీ సంబంధం ఉందని వెంటనే ఒప్పుకున్నారా?

లేదు! కారింగ్టన్ సైతం రెండింటినీ ముడిపెట్టడానికి జంకాడు. అంతకు ముందే, 1852లో, ఎడ్వర్డ్ సబైన్ భూఅయస్కాంత అలజడులు సూర్యమచ్చల చక్రంతో పాటే పెరిగి తగ్గుతున్నాయని చూపాడు. అయినా 1892లో లార్డ్ కెల్విన్ అంతటివాడు రాయల్ సొసైటీ అధ్యక్ష ప్రసంగంలో ఆ సంబంధం నిజం కాదని, కాకతాళీయమని కొట్టిపారేశాడు. ఆయన లెక్కలో తప్పులేదు. సూర్యుడు అన్ని దిక్కులకూ అయస్కాంత తరంగాలు వెదజల్లి ఒక మోస్తరు తుపానును తేవాలంటే, నాలుగు నెలల్లో విడిచే వేడి, వెలుగుల శక్తినంతా ఎనిమిది గంటల్లో ఖర్చుపెట్టాలి. తప్పంతా ‘అన్ని దిక్కులకూ’ అనుకోవడంలో ఉంది. సూర్యుడి నుంచి పదార్థమే మోసుకొస్తుందన్న ఊహ ఆయన లెక్కలోకి రాలేదు. సౌర పవనం ఉండి తీరాలని యూజీన్ పార్కర్ సిద్ధాంతరీత్యా చెప్పింది 1958లో.

పెద్ద తుపాను వస్తే కరెంటు పోతుందా?

పోవచ్చు, ఒకసారి పోయింది కూడా. 1989 మార్చి 13 తెల్లవారుజామున కెనడాలోని క్యూబెక్ గ్రిడ్ 92 సెకన్లలో కుప్పకూలింది. అరవై లక్షల మంది సుమారు తొమ్మిది గంటలు చీకట్లో ఉన్నారు.

జరిగింది ఇదీ. అయస్కాంత క్షేత్రం వేగంగా మారితే నేలలో విద్యుత్ క్షేత్రం పుడుతుంది. నేల కరెంటును బాగా ప్రవహింపజేసేదైతే గొడవ తక్కువ. క్యూబెక్ కింద ఉన్నది పురాతన గట్టి శిల, కరెంటును సులువుగా పోనివ్వదు. దాంతో అది ఎర్త్ తీగల గుండా పైకెక్కి వందల కిలోమీటర్ల ట్రాన్స్‌మిషన్ లైన్లను దారి చేసుకుంటుంది. ఈ కరెంటు చాలా నెమ్మదిగా మారుతుంది, దాదాపు డీసీ లాంటిది. ఏసీ కోసం చేసిన ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని తట్టుకోలేదు. ఇనుప కోర్ సంతృప్తమై, వేడెక్కి, గ్రిడ్‌లో అపస్వరాలు, అంటే కరెంటు అల ఆకారం చెడటం, మొదలవుతాయి. వోల్టేజీని నిలబెట్టే పరికరాలు ఆ అపస్వరాలను లోపంగా భావించి ఒకదాని వెంట ఒకటి వాటంతటవే ఆగిపోయాయి. అంటే పడగొట్టింది తుపానే అయినా, ఆఖరి తోపు తోసింది రక్షణ పరికరాలే.

ధ్రువాలకు దగ్గర, గట్టి శిల మీద, పొడవైన లైన్లు: ఈ మూడూ కలిసిన చోట ముప్పు ఎక్కువ. మధ్యరేఖకు దగ్గరి దేశాల్లో చాలా తక్కువ. ఇప్పుడు తుపాను కబురు రాగానే లైన్లలో లోడు తగ్గించి, మరమ్మతులకు ఆపిన లైన్లను తిరిగి కలిపి గ్రిడ్‌ను సిద్ధం చేస్తున్నారు. 2024 మేలో పెద్ద అంధకారం రాలేదంటే ఈ జాగ్రత్తలకూ అందులో పాలుంది.

ఫోన్లు, ఇంటర్నెట్ ఆగిపోతాయా?

మీ ఫోన్‌కు ఏమీ కాదు. అంత చిన్న తీగల్లో చెప్పుకోదగ్గ వోల్టేజీ పుట్టదు. ఆప్టికల్ ఫైబర్‌లో పోయేది కాంతి, దానికీ దిగుల్లేదు. సముద్రం అడుగున పోయే కేబుళ్లలో సంకేతాన్ని మధ్యమధ్యలో బలపరిచే పరికరాలకు మాత్రం ఒడ్డు నుంచి పొడవాటి తీగతో కరెంటు పంపుతారు, కాబట్టి సిద్ధాంతరీత్యా అక్కడ ఒక బలహీనత ఉంది. ‘నెలల తరబడి ఇంటర్నెట్ బంద్’ అనే ఫార్వర్డులకు ఆ చిన్న ‘సిద్ధాంతరీత్యా’యే పెట్టుబడి.

నిజంగా దెబ్బతినేది షార్ట్‌వేవ్ రేడియో. జ్వాల నుంచి వచ్చే ఎక్స్-కిరణాలు పగటివైపు అయనోస్పియర్ (పై వాతావరణంలో విద్యుదావేశం ఉన్న భాగం) కింది పొరను చిక్కబరుస్తాయి, అది రేడియో తరంగాలను మింగేస్తుంది. 1967 మేలో సూర్యుడి రేడియో పేలుడుకు అమెరికా ఉత్తర ప్రాంత క్షిపణి హెచ్చరిక రాడార్లు పనిచేయకపోతే, శత్రువు జామ్ చేశాడని మొదట అనుమానించారు. సూర్యుడిని గమనించే నిపుణుల కబురు సకాలంలో అందడంతో ప్రమాదం తప్పింది. ప్రచ్ఛన్న యుద్ధం మంచి కాకమీదున్న రోజులవి.

జీపీఎస్ తప్పు చూపిస్తుందా?

చూపిస్తుంది. ఉపగ్రహ సంకేతం అయనోస్పియర్ గుండా వస్తూ కొంచెం ఆలస్యమవుతుంది. మామూలు రోజుల్లో ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి సరిచేస్తారు; తుపాను రోజున లెక్క తప్పుతుంది. దారి వెతుక్కునేవాళ్లకు నాలుగైదు మీటర్ల తేడా పట్టదు. అంగుళాల లెక్కన సాళ్లు వేసే ట్రాక్టర్లకు పడుతుంది. 2024 మేలో అమెరికా రైతులు కొందరు సరిగ్గా విత్తనాల వేళ యంత్రాలు ఆపుకోవాల్సి వచ్చింది.

ఉపగ్రహాలకు వచ్చే నష్టం ఏమిటి?

చాలా రకాలు. అన్నింటికన్నా ఆసక్తికరమైనది గాలి. తుపానులో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది, తక్కువ ఎత్తులోని ఉపగ్రహాలకు ఒరిపిడి పెరుగుతుంది. 2022 ఫిబ్రవరి 3న స్పేస్‌ఎక్స్ 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలను ముందుగా సుమారు 210 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. మరుసటి రోజు ఒక చిన్నపాటి తుపాను. చిన్నపాటిదే! 38 ఉపగ్రహాలు పైకి ఎక్కలేక రాలి కాలిపోయాయి. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ 1979లో అనుకున్నదానికన్నా ముందే కూలడానికీ సూర్యుడి చురుకుదనం ఒక కారణం.

దిక్సూచి దారి తప్పిస్తుందా?

ధ్రువ ప్రాంతాల్లో గట్టి తుపాను వేళ కొన్ని డిగ్రీలు ఊగుతుంది. మిగతాచోట్ల మీ చేతి గడియారపు ఇనుము చేసే తప్పే ఎక్కువ.

అయితే యుద్ధంలో ఒక వింత జరిగింది. 1972 ఆగస్టు 4న వియత్నాం తీరంలో అమెరికా నౌకాదళం అమర్చిన సముద్ర మందుపాతరలు డజన్ల కొద్దీ వాటంతటవే పేలాయి. ఓడ ఇనుము వల్ల క్షేత్రంలో వచ్చే మార్పును పసిగట్టి పేలేలా తయారైనవవి. ఆ రోజు భూమికి చేరిన సీఎంఈ పద్నాలుగున్నర గంటల్లో వచ్చింది, అంత వేగంగా వచ్చినది ఇంకోటి నమోదు కాలేదు.

ఆరోగ్యానికి, భూకంపాలకు, భూతాపానికి సంబంధం ఉందా?

నేలమీద ఉన్నవాళ్లకు వాతావరణమే మందపాటి గోడ, రేడియేషన్ భయం లేదు. వ్యోమగాములకు ఉంది, ఇందాక చెప్పిన 1972 ఆగస్టు సంఘటన అపోలో 16, 17 యాత్రల మధ్యలో వచ్చింది కాబట్టి సరిపోయింది. ధ్రువాల మీదుగా పోయే విమానాలను అవసరమైతే దారి మళ్లిస్తారు. భూకంపాలతో నమ్మదగిన సంబంధమేదీ తేలలేదు. భూతాపం విషయానికొస్తే, సూర్యుడి వెలుగులో ఆ వెయ్యో వంతు తేడా 11 ఏళ్లకోసారి పెరుగుతూ తగ్గుతూ ఉంటే, ఉష్ణోగ్రత మాత్రం దశాబ్దాలుగా పెరుగుతూనే ఉంది. నేరం సూర్యుడి మీదికి నెట్టడం కుదరదు.

మచ్చలు లేని కాలంలో తుపానులు రావా?

వస్తాయి. సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో అయస్కాంత రేఖలు తిరిగి లోపలికి వంగకుండా బయటికి తెరుచుకున్న చోట్లను కరోనా రంధ్రాలంటారు. వాటినుంచి సౌర పవనం సెకనుకు 700, 800 కిలోమీటర్ల వేగంతో వీస్తుంది. సూర్యుడు తిరిగినప్పుడల్లా ఆ రంధ్రం మళ్లీ మనవైపుకు వస్తుంది కనుక సుమారు 27 రోజులకోసారి అదే అలజడి పలకరిస్తుంది. మహా తుపానులు కావివి, ఒక మోస్తరువి. ఇంకో విశేషం: ఏడాదిలో మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ తుపానులు ఎక్కువ. ఆ రోజుల్లో భూమి అక్షం వాలిన తీరు వల్ల సౌర పవనంలోని క్షేత్రానికి దక్షిణపు పాలు సులువుగా దొరుకుతుంది.

సూర్యుడి ధ్రువాలు తారుమారవుతాయట, అప్పుడు భూమివి కూడా మారతాయా?

రెండింటికీ పొత్తు లేదు. సూర్యుడివి చక్రం గరిష్ఠ దశలో, అంటే సుమారు 11 ఏళ్లకోసారి తారుమారవుతాయి. భూమివి చివరిసారి పూర్తిగా మారి సుమారు 7,80,000 ఏళ్లయింది. దాని యంత్రాంగం అడుగున ఉన్న ఇనుములో ఉంది.

1859 కంటే పెద్దవి వచ్చాయా?

చెట్లు వచ్చాయనే చెబుతున్నాయి. క్రీ.శ. 774-775 నాటి చెట్ల వలయాల్లో కార్బన్-14 (అంతరిక్ష కణాలు గాలిని తాకినప్పుడు పుట్టే కార్బన్ రకం) ఒక్కసారిగా పెరిగిన సంగతిని ఫుసా మియాకే బృందం 2012లో వెల్లడించింది. సూర్యుడి నుంచి వచ్చిన అతి తీవ్రమైన కణాల వర్షమే కారణమన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. అదే ఏడాది, 2012 జులై 23న, మహా వేగమైన సీఎంఈ ఒకటి భూమి కక్ష్యను దాటిపోయింది. ఆ సమయానికి భూమి ఆ చోట లేదు. స్టీరియో-ఏ వ్యోమనౌక ఉంది, కొలతలన్నీ తీసింది.

ఇంట్లో కొలవొచ్చా?

ఫోన్‌లోని అయస్కాంత సెన్సర్‌తో లాభం లేదు, దాని సొంత రొద తుపాను కంటే పెద్దది. పాత పద్ధతి ఒకటుంది. గాజు సీసాలో సన్నటి దారంతో చిన్న కడ్డీ అయస్కాంతాన్ని వేలాడదీసి, దానికి అద్దం ముక్క అంటించాలి. దానిమీద లేజర్ పడేలా పెట్టి, ఐదు మీటర్ల అవతల గోడమీద చుక్క ఎక్కడ పడుతుందో పావుగంటకోసారి గుర్తు పెట్టుకోవాలి. అద్దం ఒక డిగ్రీ తిరిగితే కిరణం రెండు డిగ్రీలు తిరుగుతుంది, గోడమీద చుక్క సుమారు 17 సెంటీమీటర్లు జరుగుతుంది. లేజర్ వైపు, అద్దం వైపు కళ్లు పెట్టకండి.

ఒక చిక్కుంది. ఈ సీసా దిశలో మార్పునే పట్టగలదు. మధ్యరేఖ పరిసరాల్లో తుపాను ముఖ్యంగా బలాన్ని తగ్గిస్తుంది, దిశను పెద్దగా మార్చదు. కాబట్టి ధ్రువాల వైపు వెళ్లే కొద్దీ ఇది బాగా పనిచేస్తుంది. గది పక్కన కారు ఆపినా, ఇనుప బీరువా తలుపు తెరిచినా చుక్క గంతులేస్తుంది; మొదటి వారంలో మీరు పట్టుకునే ‘తుపానులు’ చాలావరకు అవే అయ్యుంటాయి.